గుండెల్లోతు నీళ్లు

మావగారిలో ఒకే ఒక్క లోపం ఉందని కోడలు ఎవరడిగినా చెప్పేది. ఇంటికొచ్చిన మనిషిని గోడ చూపించకుండా పంపరు. మిగతా లోపాలు లేకపోలేదు గాని, వాటి జోలికి వెళితే పొద్దు చాలదు.

గ్యాస్ సిలిండరు తెచ్చినవాడికి చూపించారు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడికి చూపించారు. జనాభా లెక్కలకొచ్చిన టీచరమ్మకి చూపిస్తే, ఆవిడ పాపం ఈ సంగతి ఏ గడిలో రాయాలో తెలియక కాగితాలన్నీ తిరగేసింది. ముందుగదిలో, తలుపు పక్కన, గోడ మీద అడ్డంగా ఓ ఎర్రగీత. దాని పక్కన వరదొచ్చిన తేదీ. "ఇదిగో, ఇంత! గుండెల్లోతు! అయినా ఒక్క ఇటుక కదిలితే ఒట్టు," అంటూ ఆయన గీత మీద అరచెయ్యి ఆన్చి నిలబడగానే వచ్చినవాళ్లు "అబ్బో" అనాలి. అనకపోతే మళ్లీ మొదటినుంచీ చెబుతారు.

ఆరు నెలల కిందట బీమా కంపెనీవాళ్లు ఇంటి ఫొటోల కోసం మనిషిని పంపితే అతనికీ చూపించారు. అతను "అబ్బో, అబ్బో" అని రెండుసార్లు అన్నాడు. ఆ ఉత్సాహంలో మావగారు గీత పక్కన నిలబడి, నవ్వుతూ ఫొటో కూడా దిగారు.

ఆ ఫొటోయే ఇప్పుడు భోజనాల బల్ల మీద ఉంది. కంపెనీవాళ్లు ఉత్తరానికి పిన్ను కొట్టి మరీ పంపారు.

"ఇంకోసారి చదవమంటావా నాన్నా?" అన్నాడు కొడుకు. అతనికి కళ్లజోళ్ల దుకాణం. వీధిలో అందరికీ అద్దాలాయన. సగం వీధికి చూపు తెప్పించిన తన మాట సొంత ఇంట్లో ఎవరికీ కనపడదని అతని బాధ.

"నాకింకా చెవుడు రాలేదులేరా."

"అయినా విను. 'ఇంటి యజమాని స్వయంగా చూపించిన వరద మట్టం నాలుగడుగుల మూడంగుళాలు. కావున మీ ఇంటిని, మీ వరుసలోని ఇళ్లను మూడో జోను నుంచి ఐదో జోనులోకి మార్చడమైనది.' పోయినేడు పద్దెనిమిది వేలు. ఈ ఏడు అరవయ్యొకటి. శుక్రవారం లోపల."

"కట్టకు. మా నాన్న బీమా లేకుండా బతకలేదూ?"

"తాతయ్య బ్యాంకు లోను తీసుకుని మేడ మీద గది వెయ్యలేదు. మనం బీమా కట్టకపోతే బ్యాంకువాడే తనకి నచ్చినవాడి దగ్గర కట్టేసి మన నెల వాయిదాలో కలుపుతాడు. అది ఎనభై దాటుతుంది. ఆ వాయిదా నావల్ల కాదు నాన్నా. కాకపోతే ఏమవుతుందో బ్యాంకువాడు మొన్న చాలా మర్యాదగా చెప్పాడు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి మరీ చెప్పాడు, ఇల్లు వేలానికి పెడతామని."

"లోకంలో ఇంకో కంపెనీయే లేదా?"

"నలుగురిని అడిగాను. ఇద్దరు మన వైపు ఇళ్లకి బీమా చెయ్యడం మానేశారట. ఒకడు ఫోనెత్తడు. ఒకడు ఎత్తి, డెబ్బై అన్నాడు. ఎత్తనివాడే నయం."

కోడలు టీ గ్లాసులు తెచ్చి పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. తన గ్లాసు తను తాగేసింది; కష్టాల్లో ఉన్నప్పుడు చల్లారిన టీ ఇంకో కష్టం.

అద్దాలాయన సంచిలోంచి రాష్ట్రం మొత్తానికి బీమా జోన్ల పటం తీసి బల్ల మీద పరిచాడు. అచ్చు వేయించి తెచ్చాడు. కొండల వైపు ఆకుపచ్చ, మధ్యలో పసుపు, ఏటి వెంబడి నారింజ, సముద్రం పక్కనంతా ఎరుపు. సెలవుల్లో పిల్లలు రంగులేసినంత ముద్దుగా ఉంది. కొండల వైపు కోడలి తమ్ముడుంటాడు. ఇలాంటి ఇల్లే. ఏడాదికి ఏడు వేలు కడతాడు. వానొస్తే వాడి ఇంట్లో మూడుచోట్ల బక్కెట్లు పెట్టాలి, అయినా ఏడు వేలే, ఎందుకంటే వాడి బక్కెట్లు పటంలో పడవు.

అన్నిటికంటే మంట పుట్టించేది పటంలో కాదు, కిటికీలోంచి కనపడుతోంది. కొత్త జోను హద్దు సరిగ్గా వీధి నడుమ నుంచి పోతుంది. ఇటు వరుస ఐదో జోను. అటు వరుస ఇంకా మూడే. ఎదురింటికి ఈ ఏడు పంతొమ్మిది వేలు.

ఎదురిల్లు అన్న మాట మాత్రం ఎవరూ పైకనలేదు. అది మావగారి అక్కగారి ఇల్లు. అక్కాతమ్ముళ్లకి ముప్పయ్యారేళ్లుగా మాటల్లేవు. మధ్యన ఉన్నది పదిహేనడుగుల రోడ్డు. ఇన్నాళ్లకి కంపెనీవాళ్లు దానికి సరిహద్దని ముద్ర కూడా వేసిపెట్టారు.

"పదకొండింటికి కంపెనీ సర్వేయరమ్మ వస్తుంది," అన్నాడు అద్దాలాయన. "మూడుసార్లు కాళ్లావేళ్లా పడితే మళ్లీ కొలవడానికి ఒప్పుకున్నారు. ఆవిడతో ఒక్కమాట చెప్పు నాన్నా. అంత రాలేదు, పెద్దవాణ్ణి, సరిగ్గా గుర్తులేదు. అంతే."

మావగారు గ్లాసు పక్కకి జరిపారు.

"అబద్ధం చెప్పమంటావా?"

కోడలు వంటగదిలోకి వెళ్లి, కడిగిన గిన్నెల మీద మళ్లీ పంపు తిప్పింది.

ఆమె కాపురానికొచ్చిన కొత్తలో ఆ గీత కుర్చీ చేతి మట్టానికి ఉండేది. గోడలకి రంగు వేయించినప్పుడల్లా గీత చెరిగిపోతుంది, మళ్లీ గియ్యాలి. బ్రష్షు కోడలిది, చోటు చూపించడం మావగారిది. "ఇంకాస్త పైకమ్మా. అంత కిందేమిటి, నేను చూశాను కదా." ఈ పందొమ్మిదేళ్లలో మూడుసార్లు రంగులు వేయించారు. మూడుసార్లూ గీత ఓ జానెడు పెరిగింది, బళ్లో చేరిన పిల్లాడిలా. అత్తగారు బతికున్నన్నాళ్లూ దాని మీద క్యాలెండరు వేలాడేసేవారు; మావగారు తీసేసేవారు. కోడలికి అదంతా తమాషాగా ఉండేది. వరదలు కూడా పెళ్లికొడుకుల జీతాల్లాగే, చెప్పగా చెప్పగా పెరుగుతాయని ఫోన్లో చెల్లెలికి చెప్పి ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

ఆ సంగతి అద్దాలాయనకి తెలియదు. వరదప్పుడు ఎనిమిదేళ్లవాడు. ఆ తర్వాత పెళ్లయింది. పెళ్లయిన మగవాళ్లకి ఇంటి గోడలు కనపడవు.

ఇప్పుడు నవ్వు రావడంలేదు. నోరు విప్పితే మావగారి పరువు. విప్పకపోతే ఇల్లు. పక్కింటి లెక్చరరుగారు, తన బీమా కూడా పెరిగింది ఈ గీతవల్లేనని తెలిసిన రోజునుంచీ, గేటు దగ్గర ఎదురుపడితే ఆకాశంలో మబ్బులు చూస్తున్నారు.

పదకొండు దాటాక సర్వేయరమ్మ వచ్చింది. భుజాన సంచి, చేతిలో టేపు, ముఖం నిండా ఎండ. మంచినీళ్లడిగి రెండు గ్లాసులు తాగింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్న మావగారు అప్పటికే గోడ దగ్గర తయారుగా ఉన్నారు.

"ఇదిగోనమ్మా. ఇంత! గుండెల్లోతు!"

"నాన్నా!"

"నువ్వాగరా. ఆవిడ అడుగుతోంది."

ఆవిడ ఇంకా ఏమీ అడగలేదు. టేపు గోడకి బిగించి పట్టి చూసి, రాసుకుని, అప్పుడడిగింది. "ఈ గీత పడ్డ రోజున ఇంట్లో ఎవరెవరున్నారండీ? ఇద్దరి మాట కావాలి. ఇద్దరి మాటా కలవాలి. కలవకపోతే పాత కొలతే ఉంటుంది."

"నేనున్నాను. మా ఆవిడ ఉండేది. పోయింది."

"నేనున్నానండీ," అన్నాడు అద్దాలాయన. "ఎనిమిదేళ్లు."

"పదేళ్లు నిండి ఉండాలండీ. ఇంకెవరూ లేరా?"

మావగారు చొక్కా గుండీ సరిచేసుకున్నారు. అద్దాలాయన నేల చూశాడు. ఆ రోజు ఇంట్లో ఇంకెవరున్నారో ఇద్దరికీ తెలుసు. చెప్పాల్సింది ఎవరో తెలియక ఇద్దరూ ఆగారు.

"ఎదురింట్లో ఉన్నారండీ," అంది కోడలు. "అప్పట్లో మా వెనకగదిలో ఉండేవారు."

"అమ్మాయ్!" అన్నారు మావగారు.

కోడలు అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేసింది.

మావగారి అక్కగారు కోడలికి పెద్దమ్మ వరస. డెబ్బై రెండేళ్లొచ్చినా ఇంకా బట్టలు కుడతారు. కోడలి బట్టలన్నీ ఆవిడ చేతివే. బజార్లో కుట్టించానని ఇంట్లో చెప్పి, ఆ బజారు ధర తెగ ఎక్కువని మావగారు విసుక్కుంటే వింటూ ఉంటుంది. పెద్దమ్మగారు పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని, కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని ఉన్నారు.

"కొలుస్తున్నారా?" సూదులు తీసి డబ్బాలో వేస్తూ అడిగారు.

"ఎలా తెలిసింది పెద్దమ్మగారూ?"

"ఆ పిల్ల టేపు పట్టిన తీరు ఇక్కడికి కనపడుతోంది. నేనూ కొలతలమీద బతికినదాన్నేగా. ఎంతొచ్చిందేం?"

"నాలుగడుగుల మూడంగుళాలు."

పెద్దమ్మగారు లేచి, కాస్త వంగి, చెయ్యి తీసుకెళ్లి మోకాలి చిప్ప మీద పెట్టారు. "ఇక్కడికి. చిప్ప కూడా కలుపుకుని చెబుతున్నాను. నేను అప్పుడూ పొట్టిదాన్నే."

కోడలు పక్కనే ఉన్న స్టూలు మీద కూలబడింది. కుర్చీ చేతి మట్టం కూడా అబద్ధమేనని ఆమె అనుకోలేదు.

"వాన మొదలవగానే తలుపులన్నిటికీ మా తమ్ముడే తాళాలేశాడు. వెనకగదికి కూడా. అందులో నా మిషను, బడిపిల్లల బట్టలు రెండొందల జతలు, కుట్టేసి, మూటలు కట్టి నేలమీద. నీళ్లొచ్చాయి. నీ మొగుణ్ణి మీ అత్తగారు ఎత్తుకుని డాబా మెట్లెక్కింది. వీడు టీవీ ఎత్తుకుని ఎక్కాడు. ఒరేయ్, తాళమియ్యరా, నేను పోయి తెచ్చుకుంటానన్నాను. వద్దు అక్కా, నీళ్లింకా పెరుగుతాయి, కొట్టుకుపోతావన్నాడు. పెరగలేదు. తెల్లారి తాళం తీస్తే బురదలో మిషను, బురదలో బట్టలు. ఆ బట్టల బాకీ తీర్చడానికి నాకు రెండేళ్లు పట్టింది, అరువు మిషను మీద."

"మరి మావయ్యగారు..."

"తోచలేదక్కా, పొరపాటైందక్కా, అంటే ఆరోజే అయిపోయేది. తమ్ముణ్ణి చంపుకుంటానా? వాడు ఆ మాట అనలేదు. వారం తిరక్కుండా ఎర్రరంగు తెచ్చి గోడ మీద గీత గీశాడు. గుండెల్లోతు నీళ్లలో వెనకగదిలోకి ఎవడు మాత్రం వెళ్లగలడని వచ్చిన ప్రతివాడి చేతా అనిపించుకోవాలిగా."

కోడలికి తన చేతిలోని బ్రష్షు గుర్తొచ్చింది. మూడు జానలు తనే గీసింది. నవ్వుకుంటూ గీసింది.

"సంతకానికి రండి పెద్దమ్మగారూ. ఇల్లు పోయేలా ఉంది."

"వస్తాను. ముందు వాడి నోటితో వాడు చెప్పాలి. వాడు గుండె అంటే నేనూ గుండె అనే అంటాను. మాట కలవాలన్నారుగా, కలుపుతాను. అరవయ్యొకటీ కట్టుకోండి."

"మా మీద కోపమా?"

"నీ మీదెందుకే పిచ్చిదానా. నీకు నిరుడు కుట్టిన బట్టలకి డబ్బులు కూడా సరిగ్గా తీసుకోలేదు." కత్తెర బల్ల మీద పెట్టి, చెంగు సర్దుకుని, ఆవిడ ముందు నడిచారు.

పదిహేనడుగులు. వచ్చే ఆటో ఆగింది. పెద్దమ్మగారు గుమ్మం దాకా వచ్చి అక్కడ ఆగిపోయారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. కూర్చోండని సర్వేయరమ్మే అంది, ఇల్లు తనదైనట్టు.

మావగారు గోడకి ఆనుకున్నారు. ఆయన వీపు వెనక గీత దాగిపోయింది.

"చెప్పండి," అంది సర్వేయరమ్మ, పెన్ను తీసి. "ముందు మీరు."

"నేను చెప్పాల్సింది చెప్పేశాను."

"మీరండీ?"

"ఆయనేం చెబితే అదే," అన్నారు పెద్దమ్మగారు. తమ్ముణ్ణి 'ఆయన' అన్నారు.

"అత్తయ్యా, నీకు దణ్ణం పెడతాను!" అద్దాలాయన గొంతు లేచింది. "నాన్నా, నువ్వైనా చెప్పు. ఇంత గీత కోసం ఇల్లు పోగొడతావా? రేపు ఈ గోడే మనది కాకపోతే, ఎవరి గోడ చూపిస్తావు?"

"అరవకురా. వీధిలో వింటారు."

"విననీ! మన వరుసంతా కట్టేది నీ గీతకే!"

మావగారు గోడకి ఇంకా అతుక్కున్నారు. ఆ ముఖం చూడలేక కోడలు ముందుకొచ్చింది.

"ఆ గీత నేను గీశానండీ. రంగులేసినప్పుడల్లా పెంచి గీశాను. అంత నీళ్లు రాలేదు. తప్పు కొలత అది, రాసుకోండి."

"నువ్వా?" అన్నాడు అద్దాలాయన.

"నేనే. నువ్వు దుకాణంలో ఉన్నావు."

సర్వేయరమ్మ పెన్ను మూత పెట్టేసింది. కాసేపు ముగ్గురినీ, గుమ్మంలో నాలుగో మనిషినీ చూసింది.

"అమ్మా, మీ మాట లెక్కకి రాదు, మీరప్పుడు లేరు కదా. అయినా ఒకటి చెబుతాను, మా ఆఫీసులో చెప్పానని మాత్రం అనకండి. వీళ్లిద్దరూ కలిసి ఇప్పుడు గీత కిందకి దించినా, ఈ కాగితం పెద్దాఫీసుకి వెళ్లి రావడానికి మూడు నెలలు. జోన్ల పటం మార్చేది ఏడాదికోసారి. మీ ఉత్తరంలో శుక్రవారం అంటే శుక్రవారమే."

"వచ్చే ఏడైనా తగ్గుతుందిగా?" అన్నాడు అద్దాలాయన.

"ఒక జోను తగ్గుతుందేమో. కానీ ఈ ఏడు ఏటి పక్క రేట్లన్నీ పెరిగాయి, గీతలున్నవాళ్లకీ లేనివాళ్లకీ. ఎందుకని నన్నడగొద్దు, నాకూ చెప్పరు. సముద్రం పక్కన మా ఇల్లు. అక్కడ వరదే రాలేదు. డెబ్బై రెండు వేలు." ఆవిడ నవ్వబోయి మానేసింది. "నేను చేసేది కొలవడం ఒక్కటే."

కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద తన పెన్ను పెట్టింది.

"పక్కిల్లు కొలిచి ఓ పావుగంటలో వస్తాను. ఏం రాయాలో మీరు మీరు తేల్చుకోండి. ఖాళీగా ఉంటే ఖాళీగానే తీసుకెళతాను."

ఆవిడ వెళ్లింది. అద్దాలాయన బల్ల ముందు కూర్చుని, తన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుస్తూనే ఉన్నాడు. అప్పటికది ఎప్పుడో తళతళలాడిపోయింది. కోడలికి అతని భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వేస్తే ఏడుస్తాడని ఊరుకుంది.

"అయితే ఇంకేం," అన్నారు పెద్దమ్మగారు గుమ్మంలోంచే. "నాతో పనిలేదుగా. వస్తానే అమ్మాయ్."

ఆవిడ వెనక్కి తిరిగి మెట్టు మీద కాలు పెట్టారు.

"అక్కా."

పెద్దమ్మగారు ఆగారు. తిరిగి చూడలేదు.

"ఇప్పుడెందుకురా పిలుస్తావు? ఆ పిల్ల చెప్పింది విన్నావుగా. ఏం చెప్పినా ఒక్క పైసా తగ్గదు."

"తగ్గదు."

"మరి?"

మావగారు గోడ వదిలి రెండడుగులు ముందుకేశారు. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. కోడలు కుర్చీ జరపబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"తాళం జేబులోనే ఉంది," అన్నారు. "నువ్వడిగినప్పుడు జేబులో చెయ్యి పెట్టి పట్టుకునే ఉన్నాను. నీళ్లు మోకాలు దాటలేదు. నేను వెళ్లగలిగేవాణ్ణి. నిన్నైనా వెళ్లనియ్యగలిగేవాణ్ణి."

పెద్దమ్మగారి చెయ్యి గుమ్మం చెక్క మీద బిగుసుకుంది.

"వణుకొచ్చిందక్కా. చీకట్లో ఆ నీళ్ల చప్పుడుకి కాళ్లు కదల్లేదు. భయపడ్డానని నీతో చెప్పుకోలేక ఇన్నేళ్లూ నీళ్లు పెంచుతూ వచ్చాను. తప్పు నాదే."